చెవులున్న పెట్టె

సోమవారం పొద్దున్నుంచి వాడపాలెం రేవు కార్యాలయంలోని మూడు బల్లలూ మూడు వేరువేరు ఊళ్లలో ఉంటున్నాయి. గది మాత్రం ఒక్కటే.

సూపరింటెండెంటు గారి బల్ల మీద ఎండ కాస్తోంది. దానికి నాలుగడుగుల దూరంలో ఉన్న వాతావరణం బల్ల మీద ముసురు పట్టింది. సముద్రం వైపు కిటికీ పక్కనున్న మైకు బల్ల మీద ఎండా లేదు, వానా లేదు, ఎప్పుడు చూసినా సాయంత్రం నాలుగు గంటలే. ఒక బల్ల దగ్గర్నుంచి ఇంకో బల్ల దగ్గరికి కాగితం పట్టుకెళ్తే దారిలో దాని అంచులు మారిపోతాయి. టీ గ్లాసు పట్టుకెళ్తే చల్లారిపోతుంది గానీ, అందాకా తక్కువైన పంచదార అక్కడికి చేరేసరికి సరిపోతుంది. కోదండపాణి ఈ రెండో సంగతినే ముందు గమనిస్తాడు.

అతను ఆ కార్యాలయానికి ప్రోగ్రాములు రాసిపెట్టే మనిషి. యాభై నాలుగేళ్లు. భార్య విమల పోయి నాలుగేళ్లయింది. ఆమె పోయాక ఎవరితోనూ గట్టిగా వాదించడం మానేశాడు. వాదించని మనిషికి అనుమానాలు ఎక్కువ. వాటిని ఎవరికీ చూపించకుండా, ఉతికిన బట్టల్లా మడతపెట్టి లోపల దాచుకుంటాడు.

ఇప్పుడు అతని నెత్తిన ఒక పని పడింది. సముద్రం మీద గాలి లేస్తే ఆ కబురు వాతావరణం బల్ల మీద పుడుతుంది. సూపరింటెండెంటు గారి బల్ల మీద సరేననిపించుకుంటుంది. మైకు బల్ల మీద మాటవుతుంది. ఆ మాట భ్రమరాంబది. పందొమ్మిదేళ్లుగా బోట్లలోని వైర్‌లెస్ సెట్లన్నిటికీ ఆమె గొంతే తెలుసు. వేటకెళ్లినవాళ్లు రేడియోని నమ్మరు, ఆకాశాన్ని సగమే నమ్ముతారు, భ్రమరాంబ రమ్మంటే మాత్రం వల కోసుకుని అయినా వెనక్కి తిరుగుతారు.

ఆమెకి పుట్టుకతో చూపు లేదు. చెవులకి హెడ్‌ఫోను తగిలించుకుని, బాణం గుర్తున్న మీటలు నొక్కుకుంటూ పోతే, తెర మీద ఉన్న ప్రతిదీ తన పేరు తనే ఆమె చెవిలో చెబుతుంది. గాలి. బోట్ల జాబితా. హెచ్చరిక పంపు. అలా వినే ఆమె పని చేస్తుంది.

పాత ప్రోగ్రాము ఒకే ఊరికి అలవాటుపడ్డది. బల్లలు మూడు ఊళ్లయ్యాక అది మొదటి బల్ల అంచుదాకా వచ్చి, కిందికి తొంగిచూసి, వెనక్కి వెళ్లిపోతోంది. గురువారం మధ్యాహ్నంతో ఇక లేవనని చెప్పేసింది. శుక్రవారం గాలి వస్తుందని ముసురు బల్ల చెబుతోంది. సముద్రం మీద అరవై రెండు బోట్లున్నాయి.

కొత్త ప్రోగ్రాము రాయడం కోదండపాణికి పెద్ద పని కాదు. పెట్టె ఎంచుకోవడమే పని. తెర మీది విండోలూ బటన్లూ జాబితాలూ ఎవరూ మొదట్నుంచి చెక్కుకోరు. తయారుగా ఉన్నవి ఒక పెట్టెలో వస్తాయి, దాన్ని టూల్‌కిట్ అంటారు. ఏ పెట్టె తెచ్చుకుంటే ప్రోగ్రాముకి ఆ పెట్టె ముఖం, ఆ పెట్టె నడక. పైగా ఇప్పుడు మూడు ఊళ్లలోనూ నిలబడే పెట్టె కావాలి. విండో మూసే గుర్తు మొదటి బల్ల మీద కుడి మూల ఉంటుంది, రెండో బల్ల మీద ఎడమ మూల, మూడో బల్ల మీద ఎవరికి ఎక్కడ ముద్దొస్తే అక్కడ.

"ఎంచుకోవడం మీ ఇష్టం, సంతకం మీది. నేను కలగజేసుకోను," అంటారు సూపరింటెండెంటు ఆనందభూషణం గారు. అంటూనే భ్రమరాంబ కుర్చీని వరండాలో వేయిస్తారు.

"ఆవిడ కుర్చీ బయటెందుకు సార్?"

"గాలి తగులుతుందని."

"గాలి శుక్రవారం కదా సార్."

"ముందు కూర్చుంటే ముందు తగులుతుంది. చూడండి కోదండపాణి గారూ, కొత్త ప్రోగ్రాము ఆవిడతో మాట్లాడితే ఆవిడ ఉంటుంది. మాట్లాడకపోతే రికార్డు చేసిన గొంతు తెప్పిద్దాం. ఇందులో నా స్వార్థం ఏమీ లేదు."

స్వార్థం లేదని ముందే చెప్పినవాళ్లని కోదండపాణి ఒక మడత ఎక్కువ వేసి దాచుకుంటాడు.

మొదటి పెట్టె సోమవారమే వస్తుంది. నెత్తిన పెట్టుకొచ్చిన మనిషి పాపిడి ఎడమవైపు తీసి ఉంది. ఎడమకాలి చెప్పుకి తెగిన పట్టీ రాగితీగతో కట్టి ఉంది. పేరు గవర్రాజంటాడు. ఎండుగడ్డి తీసి పక్కన పెడితే లోపల విండోలు తళతళలాడుతున్నాయి. ఆనందభూషణం గారు వంగి, ఒక విండోలో తన మీసం చూసుకుని సర్దుకుంటారు.

"అద్దంలా ఉందయ్యా!"

"ఆయ్, అద్దమేనండి. ఏ బల్ల మీద పెట్టినా ఇలాగే ఉంటదండి. వెంట్రుకవాసి మారదు. మారితే చెప్పుతో కొట్టండి."

కోదండపాణి చెప్పు వైపు చూస్తాడు.

అతనికి ఒక పద్ధతుంది. ఏ పెట్టె వచ్చినా ముందు అందులోంచి సామాను తీసి ఒకే ఒక చిన్న ప్రోగ్రాము కడతాడు. గాలికి ఒకటి, బోట్లకి ఒకటి, హెచ్చరికకి ఒకటి, ఇలా నలభై మూడు బటన్లు. ఈసారి వాటి మీద గంట బొమ్మ, పడవ బొమ్మ, గాలి బొమ్మ, ముచ్చటగా తనే గీసుకున్నాడు. ఏ పెట్టె సామానైనా ఆ బొమ్మలే. అప్పుడు దాన్ని ఒక్కొక్క బల్ల మీదా పెట్టి చూస్తాడు. ముప్ఫై ఏళ్లుగా పెట్టెల్ని అతను ఇలాగే తూస్తున్నాడు.

మొదటి పెట్టె మూడు బల్లల మీదా ఒకేలా ఉంది. భ్రమరాంబని వరండాలోంచి పిలుస్తాడు. ఆమె గోడ తడుముకోకుండా నేరుగా వచ్చి, హెడ్‌ఫోను పెట్టుకుని, మీటలు నొక్కుతుంది. చాలాసేపు నొక్కుతుంది.

"ఏమైనా వినబడుతోందా అండీ?"

"ఫ్యాను తిరుగుతోందండి."

"తెర మీద?"

"అదీ ఫ్యానేనండి."

ఆమె చెయ్యి చాచి విండో మీద గోరుతో గీస్తుంది. ఎక్కడా సందు తగలదు. బటన్ దగ్గరా, జాబితా దగ్గరా, అంచు దగ్గరా ఒకే నునుపు.

"ఇది విండో కాదండి బాబూ, విండో బొమ్మ. మా మేనగోడలి పెళ్లిలో స్టేజీ మీద కోట కట్టారండి. తలుపుందన్నారు కదాని తోసుకెళ్లి ముక్కు పగలగొట్టుకున్నాను. అదే అట్ట వాసనండి ఇది."

కోదండపాణి మూల పట్టుకుని లాగుతాడు. విండో, అందులోని నలభై మూడు బటన్లు, జాబితా, జాబితాలోని అరవై రెండు బోట్లు, అన్నీ ఒకే రేకులా కలిసి ఊడొస్తాయి. వెనక ఏమీ లేదు. సుతారంగా మళ్లీ అతికించేస్తాడు. ఎవరి సరుకైనా చింపడం అతనికి ఇష్టం ఉండదు.

మంగళవారం రెండో పెట్టె వస్తుంది. తెచ్చినవాడికి పాపిడి కుడివైపు ఉంది.

"నేను గవర్రాజు తమ్ముణ్ణండి, సూర్రాజునండి. మేం ముగ్గురన్నదమ్ములమండి. మా అన్నయ్య మాటలు నమ్మకండి."

ఎడమకాలి చెప్పుకి రాగితీగ ఉంది.

"ఈ చెప్పులు నిన్న మీ అన్నయ్య వేసుకున్నవి కదూ?"

"ఆయ్, చెప్పులు మాకు ఉమ్మడండి."

కోదండపాణి ఆ జవాబులో తప్పు వెతుకుతాడు. దొరకదు. అదే అతనికి ఎక్కువ అనుమానం.

రెండో పెట్టె సామానుతో కట్టిన ప్రోగ్రాము మొదటి బల్ల మీద పెడతారు. భ్రమరాంబ వింటుంది. ఆమె కనుబొమలు కొంచెం లేస్తాయి.

"ఇది పలుకుతోందండి. ఏమని పలుకుతోందో తర్వాత చూద్దాం. పలికింది, అంతే చాలు."

ప్రోగ్రాముని రెండు చేతులా ఎత్తి కోదండపాణి వాతావరణం బల్ల దగ్గరికి తీసుకెళ్తాడు. దారిలో చినుకులతో పాటు ఏవో కింద రాలుతున్నాయి. చింతగింజలంత, లేత రంగువి. బల్ల మీద దించాక భ్రమరాంబ వింటుంది, తల అడ్డంగా ఊపుతుంది. ఇక్కడ పలకడం లేదు. అతను మోకాళ్ల మీద కూర్చుని, తడినేల మీద రాలినవి ఒక్కొక్కటే ఏరి రుమాల్లో వేసుకుంటాడు. వెచ్చగా ఉన్నాయి.

"ఏమిటివి?"

"చెవులండి," అంటాడు సూర్రాజు. "ఒక ఊరి నుంచి ఇంకో ఊరు వెళ్లేటప్పుడు రాలడం మామూలేనండి. లేకపోయినా చూడ్డానికి తేడా ఏం తెలీదు."

"బటన్లకి చెవులెందుకు?"

"అదేంటండీ అలా అంటారు. చెవుల్లేకపోతే దాని పేరు అదెలా వింటుందండి? వినకపోతే ఎలా చెబుతుందండి?"

ఇంతసేపూ మీసం సర్దుకుంటున్న ఆనందభూషణం గారు అప్పుడు నోరు విప్పుతారు. "చెవులున్న సామాను ప్రమాదమయ్యా. మనం అనుకునేవన్నీ వింటుంది. మొదటి పెట్టె నయం."

కోదండపాణి టార్చి తెచ్చి మొదటి పెట్టె బటన్లని మళ్లీ చూస్తాడు. చెవి లేదు. చెవి ఉండి రాలిన గుంట కూడా లేదు. రాలిన చెవులు తిరిగి అతుకుతాయేమోనని రెండో పెట్టె బటన్లకి ఒక్కొక్కటే ఆనించి చూస్తాడు. అతకవు. రుమాలు మూటగట్టి సూర్రాజు చేతిలో పెడతాడు. సూర్రాజు దాన్ని వక్కపొడి పొట్లంలా జేబులో వేసుకుంటాడు.

ఆ మధ్యాహ్నం అన్నం తింటూ అతను అనుమానాలన్నీ విప్పి చూసుకుంటాడు. ముగ్గురన్నదమ్ములట, ఇద్దరే వచ్చారు, చెప్పులు ఒకటే. సూపరింటెండెంటు గారు కలగజేసుకోరట, కుర్చీ మాత్రం బయట ఉంది. ముసురు బల్ల అబద్ధం చెప్పదు గానీ దానికి ఆ మధ్యాహ్నం నుంచి గొంతు బొంగురుపోయింది. వరండాలో భ్రమరాంబ డబ్బా మూత తీసి, ఇటు తిరక్కుండానే అంటుంది:

"మాగాయ కావాలంటే ఉందండి. అనుమానంతో తింటే అన్నం అరగదు, మాగాయతో తింటే అరుగుద్ది."

అతను వేయించుకుంటాడు. బాగుంది. కొంచెం ఉప్పెక్కువ, అయినా బాగుంది.

బుధవారం మూడో పెట్టె వస్తుంది. పాతకాలం రేకుపెట్టె. తెచ్చినవాడికి గుండు, పాపిడి గొడవ లేదు. చెప్పులు అవే.

"మీరు ముగ్గురా, ఒక్కరేనా? నిజం చెప్పండి."

"మీకు ఎంతమంది కావాలండి?"

ఈ పెట్టెలో విండోలు బూడిద రంగువి. మూలలు మొరటుగా ఉన్నాయి. బటన్లు పాత సర్కారు ఫారాల్లో గళ్లలా ఉన్నాయి. ఆనందభూషణం గారు మూతి ముడుచుకుని వెళ్లి ఎండలో కూర్చుంటారు. కానీ కోదండపాణి దాన్ని మొదటి బల్ల మీద పెడితే అది ఆ ఊరి మనిషిలా నిలబడుతుంది. రెండో బల్ల మీదికి వెళ్లేటప్పుడు దాని మూసే గుర్తు తనంతట తనే నడుచుకుంటూ కుడి మూల నుంచి ఎడమ మూలకి పోతుంది. చినుకు పడితే తడుస్తుంది. మూడో బల్ల దగ్గర ఆగి, గుర్తు ఎక్కడ పెట్టుకోమంటారని అడుగుతుంది. అతను నేల మీద వెతుకుతాడు. ఒక్క చెవి కూడా రాలలేదు.

ఆశని అతను అనుమానం కంటే లోపల దాచుకుంటాడు, అందుకే పైకి రావడానికి టైము పడుతుంది.

"వినండి," అంటాడు.

భ్రమరాంబ మూడు బల్లల దగ్గరా వింటుంది. మైకు బల్ల దగ్గర హెడ్‌ఫోను తీసి ఒళ్లో పెట్టుకుంటుంది.

"ఏమంటోందండీ?"

"బటన్ అంటోందండి."

"తర్వాత?"

"బటన్."

"ఆ తర్వాతది?"

"బటన్, బటన్, బటన్. నలభై మూడు సార్లండి. గాలి ఏదో, బోట్లేవో, హెచ్చరికేదో తెలీట్లేదు. రేప్పొద్దున్న గాలి లేస్తే నేను ఏది నొక్కాలండి? ఏదో ఒకటి నొక్కేసి దేవుడా అనుకోవాలా?"

కోదండపాణికి కోపం వస్తుంది. నాలుగేళ్ల తర్వాత వచ్చిన కోపం కాబట్టి దానికి దారి తెలియక చెవుల్లోకి వెళ్లి అవి ఎర్రబడతాయి.

"మోసం! మూడు పెట్టెలూ మోసమే. ఒక్కడే మనిషి, ఒకే చెప్పులు, మూడుసార్లు గుండు కొట్టాడు నాకు!"

గుండు మనిషి తల తడుముకుంటాడు. నొచ్చుకున్నట్టు కూడా కనబడతాడు.

"అతన్ననకండి," అంటుంది భ్రమరాంబ. "ఇది అబద్ధమాడే గొంతు కాదండి. పందొమ్మిదేళ్లు విన్నదాన్ని, నాకు తెలుసు. అబద్ధమాడేది గబగబా చెబుతుంది. ఇది పాపం నెమ్మదిగా, సిగ్గుపడుతూ చెబుతోంది. దాని పేరు దానికి తెలీదండి. దానికి ఎవరూ చెప్పలేదు."

"ఎవరు చెప్పాలి?"

"కన్నవాళ్లెవరండీ?"

కోదండపాణి బటన్లని చూస్తాడు. గంట బొమ్మ. పడవ బొమ్మ. గాలి బొమ్మ. పాత ప్రోగ్రాములో బొమ్మలు లేవు, బటన్ల మీద మాటలే ఉండేవి. అందుకే అవి పలికేవి. ఈసారి అందంగా ఉంటాయని బొమ్మలు గీశాడు. గంట బొమ్మ చూస్తే గంటని తెలుస్తుంది కదా, పేరు వేరే ఎందుకనుకున్నాడు. చూస్తే, అనుకున్నాడు. చూసేదెవరో అనుకోలేదు. రోజంతా తెర ముందు కూర్చునేవాళ్లు చేసే తప్పే ఇది. తమకి కళ్లున్నాయి కాబట్టి తెర ముందుకొచ్చే అందరికీ ఉంటాయనుకుంటారు.

గుమ్మడికాయల దొంగ ఎవరా అని మూడు రోజులుగా ఊళ్లో అందరి భుజాలూ చూశాడు. తన భుజం మీది బూడిద ఇప్పుడు కనబడుతోంది.

"తప్పు నాదేనండి," అంటాడు గుండు మనిషితో.

"ఆయ్, పర్లేదండి. మా అన్నదమ్ములందరికీ చెబుతాను," అంటాడు అతను, చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని, మెట్లు దిగుతూ.

పేర్లు పెట్టే పని గురువారం పొద్దున్నే మొదలవుతుంది. ఆనందభూషణం గారు మధ్యాహ్నానికి సంతకం కావాలన్నారు. చెవి ఉన్నవాటికి పేరు చెవిలో మూడుసార్లు చెప్పాలి. అంతవరకు కోదండపాణికి తెలుసు. నోరు దగ్గరికి పెట్టి "గాలి, గాలి, గాలి" అంటాడు. బటన్ వినదు.

"మీరు చెబితే వినదండి," అంటుంది భ్రమరాంబ. "తండ్రి బియ్యంలో రాయాలి. మేనత్త చెవిలో చెప్పాలి. బారసాల ఎప్పుడూ చూళ్లేదా ఏంటి?"

"మేనత్తని ఎక్కణ్నుంచి తెస్తాం?"

"సూపరింటెండెంటు గారిని పిలుద్దామంటారా?"

అతనికి నవ్వొస్తుంది. నవ్వు ఆగాక అంటాడు, "అయితే మీరు నాకు చెల్లెలవుతారు."

"ఎప్పుడో అయ్యాను. పళ్లెం పట్టండి అన్నయ్యగారూ."

వాతావరణం బల్ల సొరుగులో బియ్యం ఉంటాయి. ఎందుకున్నాయని ఎవరూ అడగరు. స్టీలు పళ్లెంలో పోసి, చిటికెన వేలికున్న విమల ఉంగరం తీసి, దాని అంచుతో కోదండపాణి 'గాలి' అని రాస్తాడు. బియ్యం కింద ఎవరో ఊపిరి తీసుకున్నట్టు పళ్లెం ఒకసారి లేచి కుదురుకుంటుంది. భ్రమరాంబ వంగి, బటన్ చెవి వెతుక్కుని, మూడుసార్లు చెబుతుంది. హెడ్‌ఫోనులో అది తన పేరు తిరిగి చెబుతుంది. కొత్తగా నడక వచ్చిన పిల్ల గడప దాటినట్టు, ఒకసారి తడబడి, తర్వాత గట్టిగా.

"చెప్పింది," అంటుంది ఆమె.

'బోట్ల జాబితా' తొందరగా నేర్చుకుంటుంది. 'హెచ్చరిక పంపు' కొంచెం మొండిది, పేరు బరువుగా ఉందని తల తిప్పుకుంటుంది. "నువ్వు బరువే మోయాలమ్మా," అని భ్రమరాంబ బుజ్జగిస్తే ఒప్పుకుంటుంది. ఒక మూల చిన్న బటన్ ఉంది. దాని మీది బొమ్మ గొడుగో పుట్టగొడుగో తెలియడం లేదు.

"ఇదేం చేస్తుంది అన్నయ్యగారూ?"

"గుర్తు లేదమ్మా. ఉంటే బాగుంటుందని పెట్టినట్టున్నాను."

"తీసెయ్యండి. పని లేనోడికి పేరు పెడితే పని వెతుక్కుంటూ బయల్దేరతాడు."

తీసేస్తాడు. నలభై రెండు అవుతాయి. ప్రతి పేరుకీ బియ్యం చెరిపి మళ్లీ రాస్తున్నా, ఉంగరం అరగడం లేదు, వేలు నొప్పెట్టడం లేదు. విమల ఉండగా కూడా ఇంత తీరిగ్గా ఒక్కొక్కదాన్నీ పేరు పెట్టి పిలిచిన గుర్తు అతనికి లేదు.

మధ్యాహ్నం ఆనందభూషణం గారు మొదటి పెట్టె కాగితం పట్టుకుని వస్తారు. కాగితం మీద కోదండపాణి పేరు అప్పటికే సగం రాసి ఉంది.

"మిగతా సగం మీరు రాస్తే చాలు."

"సార్, ఒక్కసారి ఇటు రండి." అతను మొదటి పెట్టె విండోని ఎత్తి ఎండ బల్ల మీంచి ముసురు బల్ల మీదికి తెస్తాడు. చుట్టూ చినుకులు. విండోలో మాత్రం సోమవారం నాటి ఎండే కాస్తోంది. "వానలో పెట్టినా ఇది ఎండే చూపిస్తోంది సార్."

"ఎంత బాగుందో! వాన చూపించి ఎవర్ని సంతోషపెడతామయ్యా?"

"సముద్రం మీద అరవై రెండు బోట్లున్నాయి సార్."

"రికార్డు గొంతు చెబుతుంది కదా వాళ్లకి."

"ఏమనండీ?" అంటుంది భ్రమరాంబ. "ఎండ బాగా కాస్తోంది, చేపలు ఎండబెట్టుకోండి అనా?"

"నువ్వు మధ్యలో మాట్లాడకమ్మా."

"నేను మధ్యలో లేనండి, వరండాలో ఉన్నాను. కుర్చీ అక్కడేగా వేశారు."

కోదండపాణి కలం తీస్తాడు. కాగితం మీద ఉన్న సగం పేరుని కొట్టేసి, దాని కింద 'మూడో పెట్టె' అని రాసి, పూర్తి పేరుతో సంతకం పెడతాడు. సంతకం చాలా పొడుగ్గా వస్తుంది. కాగితం చాలక కొంత బల్ల మీద పడుతుంది.

ఆనందభూషణం గారు దాన్ని చదువుతూ బల్ల చివరిదాకా నడుస్తారు.

"కలగజేసుకోనన్నాను కాబట్టి కలగజేసుకోను. కానీ నాకు నచ్చలేదని ఎక్కడైనా రాసుకోండి."

"ఎక్కడ రాయమంటారు సార్?"

ఆయన చుట్టూ చూస్తారు. "ఆ బియ్యంలో రాయండి."

రాస్తాడు. పళ్లెం కదలదు.

భ్రమరాంబ కుర్చీని తేవడానికి కోదండపాణే వరండాలోకి వెళ్తాడు. మూడు రోజుల్లో కుర్చీ అక్కడ కాళ్లు దింపుకుంది. బలవంతం చెయ్యకుండా పక్కన కాసేపు కూర్చుంటే తనే లేస్తుంది.

శుక్రవారం గాలి లేస్తుంది.

ముందు వాతావరణం బల్ల మీది కాగితాలు లేచి నిలబడతాయి. కబురు మొదటి బల్లకి వెళ్తుంది. ఆనందభూషణం గారు బూడిద రంగు విండో వైపు చూడకుండా వేలు మాత్రం చాచి సరేనని నొక్కుతారు. కబురు మూడో బల్లకి వస్తుంది. భ్రమరాంబ మీటలు నొక్కుకుంటూ పోతుంది. ఒక్కొక్కటీ పేరు చెప్పుకుని పక్కకి తప్పుకుంటోంది. ఆమె వేలు ఆగుతుంది. నొక్కుతుంది. మైకు దగ్గరికి వంగుతుంది.

"గాలొస్తోంది నాయనా. తూర్పు నుంచి గట్టిగా వస్తోంది. వల ఉంటే కోసెయ్యండి, వలలు మళ్లీ అల్లుకోవచ్చు. వచ్చెయ్యండి. నేను ఇక్కడే ఉన్నాను."

కోదండపాణి కిటికీ దగ్గర నిలబడతాడు. చాలాసేపు ఏమీ లేదు. విన్నారా లేదా అన్నదొక్కటే అతనిలో ఇప్పుడు మిగిలిన అనుమానం. అది మడత పడటం లేదు.

తర్వాత మొదటి బోటు కిటికీలోంచి లోపలికి వస్తుంది. కిటికీ పెరగలేదు, బోటు తగ్గలేదు. మైకు బల్ల మీదికి ఎక్కి, ముసురు బల్ల మీదికి దాటి, అక్కణ్నుంచి ఎండ బల్ల మీదుగా గుమ్మంలోంచి ఇసుకలోకి దిగిపోతుంది. బల్ల మారినప్పుడల్లా తెరచాప కొయ్య ఒక పక్క నుంచి ఇంకో పక్కకి జరుగుతోంది. లోపలున్నవాళ్లు తడి తలల మీద తువ్వాళ్లు వేసుకుని, "అమ్మా, వచ్చేశాం," అంటూ పోతున్నారు. ఆనందభూషణం గారు కాళ్లు కుర్చీ మీదికి ఎత్తుకుని, ఫైళ్లు ఒళ్లో పెట్టుకుని, దారి ఇస్తున్నారు. ఒక బోటులోని ముసలాయన ఆయన చేతిలో రెండు పండుగప్ప చేపలు పెట్టి వెళ్తాడు. ఆయన వద్దనరు.

కోదండపాణి లెక్కపెడుతున్నాడు. అరవై. అరవై ఒకటి. చివరిది కొంచెం ఆలస్యంగా, పక్కకి ఒరిగి వస్తుంది. అరవై రెండు. అతను గోడకి ఆనుకుని కళ్లు మూసుకుంటాడు.

"అన్నీ వచ్చేశాయి చెల్లెమ్మా."

భ్రమరాంబ హెడ్‌ఫోను తియ్యదు. తల ఒకవైపు వంచి ఉంది.

"మరి ఈ ఇంకోటేంటి అన్నయ్యగారూ?"

అతను కిటికీలోంచి చూస్తాడు. సముద్రం, నురగ, గాలి. ఇంకేమీ లేదు.

"ఏమీ కనబడటం లేదమ్మా."

"కనబడకపోతేనేం. వస్తోంది. పెద్ద బోటే."

మైకు బల్ల చెక్కలు కిర్రుమంటాయి. బల్ల మీది కాగితాలు రెండు పక్కలకీ ఒత్తుకుంటాయి. మధ్యలో ఏమీ లేనిచోటు నుంచి ఉప్పునీళ్లు కారి కోదండపాణి కాళ్ల మీద పడతాయి.

"ఎవరి బోటు? పేరేం చెబుతోంది?"

ఆమె వింటుంది. "నాతో చెప్పనంటోందండి. తాడు అందుకోమంటోంది మిమ్మల్ని."

ఒక్క క్షణం అతను చేతులు వెనక్కి పెట్టుకుంటాడు. అలవాటు. తర్వాత, చూపు లేని మనిషి చాచినట్టు, అరచేతులు పైకి తిప్పి ముందుకి చాస్తాడు. తడిసిన కొబ్బరితాడు వచ్చి వాటిలో పడుతుంది. అతనికి అది కనబడదు. బరువుంది, గరుకుంది, ఈ చివర పట్టుకుంటే ఆ చివర ఎవరో పట్టుకున్న బిగువుంది. లాగుతాడు. అటునుంచీ లాగుతారు, తొందర లేకుండా, చేద వేసి నీళ్లు తోడుకుంటున్నట్టు. నేలలోని మేకులు ఒక్కొక్కటే వదులవుతాయి. వరండానీ, వరండాలోకి పరిగెత్తిన ఆనందభూషణం గారినీ ఒడ్డునే వదిలేసి, గది మెల్లగా ఇసుక మీద జరగడం మొదలుపెడుతుంది.

"భయం లేదు కదమ్మా?"

"మీరు తాడు వదలకండి, చాలు."

అతను కళ్లజోడు తీసి జేబులో పెట్టుకుంటాడు. తాడుని చెవికి ఆనించుకుంటాడు. తాడు లోపల, చాలా కిందనుంచి, నాలుగేళ్లుగా అతను వినని అడుగులతో ఎవరో ఒక్కొక్క మెట్టే ఎక్కి వస్తున్నారు.